దిక్కులేని కోడినో బాతునో ఇంటికి తెచ్చారా? మొదటి నెల ఇలా చూసుకోండి

మిర్యాలగూడ ఆయకట్టులో వరికోతలు అయిపోగానే బాతుల మందలు దిగుతాయి. కోసిన మళ్లలో రాలిన వడ్లు, నత్తలు ఏరుకుంటూ వందల బాతులు ముందు పోతుంటాయి, కర్రలు పట్టుకుని ఇద్దరు మనుషులు వెనక నడుస్తుంటారు. కొన్నాళ్లకు మంద ఇంకో ఊరికి కదులుతుంది. నడవలేని ఒకటో రెండో కాలువ గట్టు మీదే మిగిలిపోతాయి.

నేను ఇంటికి తెచ్చిన మొదటి పక్షి అలా మిగిలిపోయిన బాతే. తెల్లారేదాకా కూడా బతకలేదు. దాన్ని చంపింది నా తొందరే. ఒళ్లంతా బురద, పాపం నీళ్లు చూసి ఎన్ని రోజులైందో అని, తెచ్చీ తేగానే గోలెంలో వదిలాను. కాసేపు సంబరంగా ఈదింది. ఆ తర్వాత వీపు మెల్లగా నీళ్లలోకి దిగడం మొదలైంది. బయటికి తీస్తే గోనె సంచిలా తడిసి ఉంది, వణుకుతోంది. డిసెంబర్ నెల. బాతు ఎక్కడైనా నీళ్లలో తడుస్తుందా అని నాకు అప్పట్లో అనుమానం కూడా రాలేదు.

తోక మొదట్లో ఉండే చిన్న గ్రంథి నుంచి వచ్చే నూనెను ముక్కుతో ఈకలకు రాసుకుంటేనే బాతుకు నీళ్లు అంటవు. జబ్బుపడ్డ బాతుకు, నీళ్లు దొరక్క రోజుల తరబడి శుభ్రం చేసుకోని బాతుకు ఆ రక్షణ పోతుంది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఆ తర్వాత ఇంటికి చాలానే వచ్చాయి. కాలికి తాడు కోసుకుపోయిన నాటుపెట్ట, గుడ్ల కోళ్లు పెంచే లేయర్ ఫారం ఖాళీ చేస్తుంటే తెచ్చుకున్న ముసలి కోళ్లు, జాతరలో పిల్లలు మారాం చేసి కొనిపించుకుని రెండు రోజులకే మర్చిపోయిన రంగు కోడిపిల్లలు. వాటితో నేర్చుకున్నదే రాస్తున్నాను. మా అమ్మ మాత్రం ఇప్పటికీ "కోడిని కాపాడుడు, ఐతారం నాడు కోడికూర తినుడు, ఇదేం లెక్క బిడ్డా?" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ముందు అది ఎవరిదో అడగండి

ఊళ్లో తిరిగే కోడికి ఓనరు లేకపోవడం ఉండదు. ఎంత బక్కచిక్కినా, ఈకలు ఊడినా ఎవరో ఒకరిదే. అడగకుండా ఎత్తుకొస్తే సాయంత్రానికి వాకిట్లో పంచాయితీ మొదలవుతుంది. నేరుగా ఇంటికెళ్లి "దీన్ని సరిగ్గా చూస్తలేరు" అంటే మాత్రం పని చెడుతుంది. "అక్కా, గిది బతికేటట్టు లేదు, నేను తీస్కపోయి మందేస్త, ఇస్తవా?" అని అడిగితే తొంభై పాళ్లు ఇచ్చేస్తారు. వంద రూపాయలు అడిగినా ఇచ్చేయండి. గొడవ ఉండదు.

ఒక్క చోట మాత్రం ఆగాలి. ఆ ఇంట్లో, ఆ వాడలో రెండు మూడు రోజుల్లోనే వరసగా కోళ్లు చనిపోయాయా? ఆకుపచ్చ రెట్ట, మెడ మెలిపడటం, నోరు తెరిచి ఊపిరి లాగడం కనిపిస్తున్నాయా? అవి కొక్కెర తెగులు (రాణిఖేత్) లక్షణాలు, బర్డ్ ఫ్లూ కూడా కావొచ్చు. అలాంటి చోటు నుంచి దేన్నీ ఇంటికి తేవద్దు, చనిపోయినవాటిని ఉత్త చేతులతో ముట్టుకోవద్దు, పశువుల డాక్టరుకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఇక్కడ మన దగ్గర కూడా చికెన్ షాపులు వెలవెలబోయాయి. కోళ్లు గుంపుగా చస్తున్న చోట మీ జాలి కంటే మీ ఇంట్లో ఉన్న కోళ్లు, మీ పిల్లలు ముఖ్యం.

తెచ్చేటప్పుడు కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయవద్దు. ఒక చేయి రొమ్ము కింద, ఇంకో చేయి రెక్కల మీద పెట్టి ఒంటికి ఆనించుకోండి. బాతును కాళ్లతో గాని మెడతో గాని అసలే ఎత్తవద్దు. దాని కాళ్లు ఒంటి బరువుకు మరీ సన్నం, పట్టుకుని లాగితే కీలు జారుతుంది. గాలి ఆడేలా బొక్కలు పొడిచిన కాటన్ డబ్బా అయితే బండి మీద కూడా సుఖంగా వస్తుంది.

మొదటి రాత్రి: వెచ్చదనం, నీళ్లు, చీకటి

అదే కాటన్ డబ్బాలో పాత గుడ్డ పరిచి, మనుషులు, కుక్కలు, టీవీ చప్పుడు లేని మూల పెట్టండి. మీద పలుచని బట్ట కప్పండి. చీకటిగా ఉంటే పక్షి సగం టెన్షన్ మర్చిపోతుంది. కోడి ఒంటి వేడి మామూలుగానే 41, 42 డిగ్రీలు ఉంటుంది. మన చేతికి అది వెచ్చగా తగలాలి. కాళ్లు చల్లగా ఉంటే, ఉబ్బి బంతిలా ముడుచుకుని కూర్చుంటే దానికి చలి అని అర్థం. వేడినీళ్లు పోసిన సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. బల్బు పెడదామంటే ఇప్పుడు ఇళ్లలో ఉన్నవన్నీ ఎల్‌ఈడీలే, వాటికి వేడి రాదు. పాతరకం 60 వాట్ల బల్బు దొరికితే ఒక మూలకే పెట్టండి, వేడెక్కువైతే అటు జరగడానికి చోటుండాలి. మే నెలలో నల్లగొండలో ఇవేవీ అక్కర్లేదు, అప్పుడు కష్టం వేరే. దాని సంగతి కిందకు వస్తుంది.

నీళ్లు: లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. మెడికల్ షాపులో దొరికే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ అయినా సరే. లోతు తక్కువ గిన్నెలో పెట్టి వదిలేయండి. తాగకపోతే వేలు ముంచి ముక్కు పక్కన చుక్క తాకించండి, అదే నాకుతుంది. సిరంజితో నోట్లోకి చిమ్మడం మాత్రం చేయకండి. కోడి నాలుక వెనకే ఊపిరి గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది, నీళ్లు నేరుగా అందులోకి పోతాయి. "మంచిగనే తాగించిన, తెల్లారేసరికి సచ్చింది" అన్న మాట నేను ఎన్నోసార్లు విన్నాను.

ఆ రాత్రికి ఇంతే. స్నానం వద్దు, పేల మందు వద్దు, పుండు కెలకడం వద్దు. పిల్లల్ని పిలిచి చూపించడం కూడా వద్దు. రక్తం కారుతుంటే మాత్రం శుభ్రమైన గుడ్డతో అయిదు నిమిషాలు నొక్కి పట్టండి.

తెల్లారాక చేతులతో చదవండి

పక్షి నిలదొక్కుకున్నాక ఒళ్లో పెట్టుకుని, తువ్వాలు చుట్టి, తల నుంచి తోకదాకా చూడండి. వెలుతురులో చూడాలి. ఒక కాగితం మీద రాసుకుంటే మంచిది, డాక్టరు అడిగినప్పుడు నీళ్లు నమలక్కర్లేదు.

ముందు రొమ్ము ఎముక మీద వేలు పెట్టి కిందికి జరపండి. రెండు పక్కలా కండ గుండ్రంగా తగిలితే పర్వాలేదు. కత్తి అంచులా ఎముక ఒక్కటే తగిలితే చాలా రోజులుగా తిండి లేదని అర్థం. ఆ తర్వాత మెడ కింద మేత సంచి. రాత్రి తిన్నది పొద్దుటికి అరిగి అది ఖాళీగా ఉండాలి. తెల్లారి కూడా రాయిలా గట్టిగా ఉన్నా, నీళ్ల తిత్తిలా ఉండి పుల్లటి వాసన వస్తున్నా లోపల ఏదో అడ్డం పడిందనో, మేత పులిసిందనో అర్థం. గడ్డిపోచలు, ప్లాస్టిక్ దారాలు ఎక్కువగా ఇరుక్కుంటాయి. తలకిందులు చేసి కక్కించే పని పెట్టుకోకండి, డాక్టరు చూడాలి.

రెట్ట చాలా సంగతులు చెబుతుంది. గోధుమ రంగు ముద్ద మీద తెల్లటి టోపీ ఉంటే మామూలే. మధ్యమధ్య ఒకటి చాక్లెట్ ముద్దలా జారుగా వస్తుంది, అదీ మామూలే, భయపడకండి. ఉత్త ఆకుపచ్చగా ఉంటే తినడం లేదని, లేదా లోపల జబ్బు ఉందని. రక్తం కనిపిస్తే, ముఖ్యంగా పిల్లల్లో, కాక్సీడియోసిస్ అనే రక్తపారుడు అయి ఉండొచ్చు. దానికి నీళ్లలో కలిపే మందు ఉంది, రెండు రోజులు ఆలస్యమైతే పిల్ల దక్కదు.

రెక్కల కింద, గుద్దం చుట్టూ ఈకలు విప్పి చూడండి. ఈకల మొదళ్లలో తెల్లగా రవ్వ అతికినట్టుంటే అవి పేల గుడ్లు. కాళ్ల పొలుసులు పైకి లేచి సున్నం పూసినట్టుంటే లోపల పురుగు ఉంది, ఆ కాళ్లను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి కొబ్బరినూనె దట్టంగా రాస్తే ఊపిరాడక అది చస్తుంది. వారానికి రెండు మూడుసార్లు, నెల పైనే పడుతుంది.

ఇక కాళ్లు. మా ఇంటికొచ్చిన నాటుపెట్ట కుంటుతుంటే విరిగిందేమో అనుకున్నాం. పట్టుకుని చూస్తే చీలమండ దగ్గర కాస్త వాపు, అంతే. నీళ్లలో నానబెట్టి, మురికి కరిగాక భూతద్దం పెట్టి చూస్తే నల్లటి గీత కనిపించింది. ఎప్పుడో గుంజకు కట్టేసిన నైలాన్ దారం. కోడి పెరిగింది గాని దారం పెరగలేదు, చర్మం దాని మీదుగా మూసుకుపోయింది. గోళ్లు తీసే చిన్న కత్తెర కొన దారం కిందకు దూర్చి తెంపడానికి ముప్పావుగంట పట్టింది, కోడి ఒక్కసారి కూడా అరవలేదు. దారం తెగగానే వేలు చాపి ముడుచుకుంది. కుంటే కోడి ఏదైనా సరే, విరిగిందనుకునే ముందు దారం కోసం, వెంట్రుక కోసం వెతకండి. అరికాలిలో నల్లటి పెచ్చుతో గడ్డ ఉంటే అది వేరు, లోపల చీము గట్టిపడి ఉంటుంది. ఇంట్లో కోయకండి.

పుండ్లు, పేలు

పుండును ఉప్పునీళ్లతో కడగండి (కాచిన నీళ్లు లీటరుకు రెండు చిన్న చెంచాల ఉప్పు), ఆరనిచ్చి పోవిడోన్ అయోడిన్ రాయండి. పురుగులు పడితే చిమటాతో ఒక్కొక్కటే తీయాలి, రోజుకు రెండుసార్లు చూడాలి. కిరోసిన్, తార్పీన్ పోయడం మన దగ్గర అలవాటు. పశువు తట్టుకుంటుందేమో గాని కిలోన్నర కోడి తట్టుకోదు. పశువుల గోమార్ల మందును అంచనాగా కలిపి కోడిని అందులో ముంచడమూ అంతే. పేలు పోయాయి, కోడీ పోయింది అన్నట్టవుతుంది.

పేలకు కోడి తనకు తానే చేసుకునే వైద్యం ఒకటుంది, దుమ్ము స్నానం. పాత టైరులోనో, వెడల్పు తట్టలోనో పొడి మట్టి, జల్లించిన కట్టెల బూడిద సగం సగం పోయండి. లేచి తిరగగలిగిన రోజున అదే వెళ్లి దొర్లుతుంది. పేలు మరీ ఎక్కువైతే డాక్టరు ఇచ్చిన పొడి రెక్కల కింద చల్లి, గుడ్లు పొదిగి కొత్త పేలు పుడతాయి కాబట్టి పది రోజులకు మళ్లీ చల్లాలి. గూటిని కూడా అదే రోజు ఖాళీ చేసి ఊక తగలబెట్టకపోతే కష్టమంతా వృథా.

మేత కొంచెం కొంచెంగా

ఎండిపోయిన పక్షి ముందు చాటెడు వడ్లు పోయకండి. మొదటి రెండు మూడు రోజులు గంటన్నర, రెండు గంటలకోసారి చెంచాడు చొప్పున పెట్టండి. నూకల జావ, ఉడికించిన గుడ్డు పచ్చసొన, నానబెట్టి మెత్తగా చేసిన దాణా. కోడికి కోడిగుడ్డు పెట్టడమేంటని నవ్వుతారు, నవ్వనివ్వండి.

కోలుకున్నాక గట్టి గింజలు వేయొచ్చు. కోడికి పళ్లు లేవు, గింజను కందనకాయలో చిన్న రాళ్లతో నూరుకుంటుంది. గూట్లో, గంపలో కట్టేసి ఉంచిన కోడికి మొరం రవ్వ గుప్పెడు వేయకపోతే గింజలు అరగవు. మన వైపు దొరికే మేతలో మక్కలు, జొన్నలు, సజ్జలు బలం ఇస్తాయి గాని కండ పట్టడానికి, ఈక రావడానికి మాంసకృత్తులు కావాలి. పాలమూరు వైపు పల్లిచెక్క సులువుగా దొరుకుతుంది, బూజు పట్టింది మాత్రం వద్దు. ఆ బూజులోని విషం కోళ్లకంటే బాతుల్ని ముందు చంపుతుంది.

అన్నిటికంటే మంచి మేత మా తాత పెట్టేవాడు. పాత కుండలో గడ్డి, పెండ, కాస్త తడి వేసి సాయంత్రం చెదలున్న చోట బోర్లించేవాడు. పొద్దున ఎత్తి వాకిట్లో దులిపితే కోడిపిల్లలు చెదల కోసం ఒకదాని మీద ఒకటి పడేవి.

పొలంలోకి వదిలేటప్పుడు గుళికలు వేసిన మడి, మందు కొట్టిన చేను, మందు పట్టించిన విత్తనాలు ఎక్కడున్నాయో చూసుకోండి. గుళికలు గింజలనుకుని ఏరుకుంటాయి.

బాతుల లెక్క వేరు

బాతు మేత పక్కన ఎప్పుడూ నీళ్లుండాలి. పొడి తవుడు నోట్లో ఇరుక్కుంటే ఉక్కిరిబిక్కిరవుతుంది. ఆ గిన్నె కళ్లు, ముక్కు మునిగేంత లోతు ఉండాలి, అలా కడుక్కోకపోతే కళ్లు పుసులు పడతాయి. ఈదడానికి టబ్బు తర్వాత. ఒళ్లంతా ముక్కుతో దువ్వుకోవడం మొదలుపెట్టాక, ఎండ ఉన్న పూట, అయిదు నిమిషాలు. బయటికొచ్చాక నీళ్లు ముత్యాల్లా జారిపోతే రేపు పది నిమిషాలు. ఈకలు నల్లబడి ఒంటికి అతుక్కుంటే తుడిచి ఎండలో కూర్చోబెట్టి, ఇంకో మూడు రోజులు ఆగండి.

బాతు పిల్లలు కాళ్లు వంకరపోయి మోకాళ్ల మీద పాకుతుంటే నియాసిన్ తక్కువై ఉండొచ్చు. ఈ విటమిన్ కోడిపిల్లకంటే బాతుపిల్లకు బాగా ఎక్కువ కావాలి, కోడిపిల్లల దాణా ఒక్కటే పెడితే చాలదు. డాక్టరుకు చెబితే నీళ్లలో కలిపేది ఇస్తారు. బ్రెడ్డు ముక్కలు వేయడం మానేయండి, కడుపు నిండుతుంది, ఒంట్లో ఏమీ చేరదు.

ఆడ, మగ గుర్తు సులువు. గట్టిగా గోల చేసేది ఆడది. గొంతు బొంగురుపోయి తోక మీద ఈక సుడి తిరిగి ఉంటే మగది. ఒక మగ బాతుకు అయిదారు ఆడవి ఉండాలి, లేకపోతే ఉన్న ఒక్కదాని మెడ మీద ఈక మిగలదు. మగ బాతును కోడిపెట్టలతో కలిపి ఉంచవద్దు, వాటి మీదికీ పోతుంది. రాత్రి గూడు కూడా విడిగానే ఉండాలి. బాతులు నీళ్లు చిమ్మి ఊకనంతా బురద చేస్తాయి, ఆ తడిలో కోడికి జబ్బులు పట్టుకుంటాయి.

ఫారం నుంచి వచ్చినవి

లేయర్ కోళ్లను 70, 80 వారాలకు ఫారం నుంచి తీసేస్తారు. పుట్టినప్పటి నుంచి తీగల బోనులో ఉన్నవాటికి ఎముకలు పెళుసుగా ఉంటాయి, ఒంట్లో సున్నమంతా గుడ్డు పెంకులకే పోయి ఉంటుంది. ఎత్తు నుంచి దూకితే కాలు విరుగుతుంది. దండె పెట్టాలంటే నేలకు అడుగు ఎత్తు చాలు. వేయించి దంచిన గుడ్డు పెంకులు వేరే గిన్నెలో పెట్టండి, ఎంత కావాలో అవే తింటాయి. ముక్కు కోసి ఉంటుంది కాబట్టి నేల మీద గింజను ఏరుకోలేవు, లోతు గిన్నెలో పెట్టాలి. పెంగ్విన్‌లా నిటారుగా నిలబడి ముక్కుతుంటే గుడ్డు అడ్డం పడిందని. గోరువెచ్చని నీళ్ల టబ్బులో పావుగంట కూర్చోబెట్టి, చీకట్లో వదిలేయండి. సాయంత్రానికి రాకపోతే డాక్టరే.

బ్రాయిలర్ అయితే ముందే మనసు గట్టి చేసుకోండి. ఆరు వారాల్లో రెండు కిలోలు దాటేలా పుట్టిన ఒళ్లు అది. ఎంత పెడితే అంత తింటుంది, కాళ్లు, గుండె ఆ బరువును తట్టుకోలేవు. రోజుకు రెండు పూటలు కొలిచి పెట్టి, మేతను నీళ్లకు దూరంగా ఉంచి నడిపిస్తే కొన్ని నెలలు హాయిగా బతుకుతుంది.

ఎండాకాలం

మన దగ్గర 44, 45 డిగ్రీలు మామూలైపోయింది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దాని కూలర్. రెక్కలు ఒంటికి దూరంగా వేలాడేసి రొప్పుతుంటే నీడలోకి తెచ్చి, కాళ్లు, తల మీది జుట్టు తడపండి. ఐసునీళ్లు పోయకండి. గూడు చుట్టూ తడి గోనెసంచులు వేలాడదీయండి, మేత తెల్లారగట్ల, చల్లబడ్డాక పెట్టండి. మేత అరిగేటప్పుడు ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది. సింటెక్స్ ట్యాంకు నుంచి మధ్యాహ్నం వచ్చే నీళ్లు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. అవి కాకుండా కుండలో నీళ్లు పెట్టండి.

డాక్టరు, టీకాలు

మండల పశువైద్యశాలకు తీసుకెళ్లండి, కదల్చలేకపోతే 1962కు ఫోన్ చేసి సంచార వైద్యశాల వస్తుందేమో అడగండి. "కోడికి కూడా ట్రీట్మెంటా?" అనే చూపు ఒకటి ఎదురవుతుంది. మీరు రాసుకున్న కాగితం తీయండి, బరువు, రెట్ట రంగు, ఎన్ని రోజులు అని చెబితే ఆ చూపు మారుతుంది. ఇంట్లో మిగిలిన మనుషుల యాంటీబయోటిక్ గోలీ పొడి చేసి వేయవద్దు. మందు నడుస్తున్నన్ని రోజులు, ఆ తర్వాత డాక్టరు చెప్పినన్ని రోజులు గుడ్లు తినవద్దు.

నీరసంగా ఉన్న కోడికి టీకా వేయించకండి. కోలుకుని, కడుపులో పురుగులకు మందు పడి వారం అయ్యాక కొక్కెర తెగులు టీకా. చిన్న పిల్లలకు కంట్లో చుక్క, 8 వారాలు దాటినవాటికి సూది. టీకా సీసా తెరిస్తే ఐసు మీదే ఉంచి రెండు గంటల్లోపు వాడేయాలి, ఒక్కో సీసాలో వంద కోళ్లకు సరిపడా ఉంటుంది. ఒక్క కోడికోసం తెరిచే బదులు వాడకట్టులో అందరికీ చెప్పి ఒకే రోజు వేయించండి.

పాతవాటితో కలపడం

కొత్తగా వచ్చినది నెల రోజులు విడిగానే ఉండాలి. వేరే గిన్నెలు, వేరే చెప్పులు. ముందు మీ పాత కోళ్ల పని చూసుకుని తర్వాత దీని దగ్గరికి వెళ్లండి, తిరిగొచ్చి సబ్బుతో చేతులు కడగండి. నెల గడిచాక వారం రోజులు మధ్యలో తీగ జాలీ పెట్టి ఒకదాన్నొకటి చూసుకోనివ్వండి. ఆ తర్వాత ఒక రాత్రి, అన్నీ నిద్రలో ఉన్నప్పుడు, దీన్ని తీసుకెళ్లి దండె మీద మిగతావాటి పక్కన కూర్చోబెట్టండి. గూటి తలుపు గట్టిగా వేయండి, ముంగిస, పిల్లి కొత్తా పాతా చూడవు.

పొద్దున పొడుచుకుంటాయి, తరుముకుంటాయి. రెండు చోట్ల మేత, రెండు చోట్ల నీళ్లు పెట్టి, కుర్చీ వేసుకుని అక్కడే కూర్చోండి. రక్తం కనబడితే విడదీయండి. కనబడకపోతే చాయ్ తాగుతూ చూడండి, మధ్యాహ్నానికి ఎవరి చోటు ఎక్కడో అవే తేల్చుకుంటాయి.